వరద రోజు మాట తెగకూడదు

"స్టార్‌లింక్ వస్తాందంట. మిద్దె మీద పళ్లెమంత డిష్ పెట్టుకుంటే చాలంట. ఇంక టవర్లతో పనే లేదంట." మా మాధవరం టీ కొట్టు దగ్గరా, ఆదోని పత్తి యార్డులోనూ ఇదే మాట. ఈ ఉపగ్రహ ఇంటర్నెట్‌కు లైసెన్సు వచ్చిన సంగతి నిజమే. టెలికాం శాఖ 2025 జూన్‌లో ఇచ్చింది. జూలైలో అంతరిక్ష రంగ అనుమతుల సంస్థ ఇన్‌స్పేస్ అనుమతీ దొరికింది. వన్‌వెబ్, జియో అంతకుముందే లైసెన్సులు తెచ్చుకున్నాయి. టవర్లతో పని తీరిపోతుందన్న దగ్గరే నాకు పేచీ.

లెక్క వేసి చూడండి. ప్రభుత్వరంగ సంస్థ ఎన్‌సిల్ కోసం ఇస్రో తయారుచేసిన జీశాట్-ఎన్2 ఉపగ్రహాన్ని 2024 నవంబర్ 19న అమెరికాలో ఫాల్కన్-9 రాకెట్ మీద పైకి పంపారు. బరువు 4,700 కిలోలు. అప్పటికి మన రాకెట్లు అది పోవాల్సిన దూరానికి 4,000 కిలోల దాకానే మోసేవి. ఆ ఉపగ్రహం సామర్థ్యం 48 జీబీపీఎస్, అదీ దేశం మొత్తానికి. 32 బీముల్లో 8 ఈశాన్య రాష్ట్రాలకే కేటాయించారు. ఇంటికి 10 ఎంబీపీఎస్ చొప్పున ఒకేసారి ఇస్తూ పోతే 4,800 ఇళ్ళ దగ్గర సరుకు అయిపోతుంది. అందరూ ఒకేసారి వాడరు, కాబట్టి ఎన్నో రెట్ల మందికి పంచుతారు, ఒప్పుకుంటాను. అయినా ఆ 4,800 ఇళ్ళ లెక్క ఒక్క ఎమ్మిగనూరు పట్టణానికే చాలదు. స్టార్‌లింక్‌వి వేల ఉపగ్రహాలు, భూమికి దగ్గరగా తిరుగుతాయి, వేగమూ ఎక్కువే. కానీ మన నెత్తిమీదికొచ్చిన ఉపగ్రహాన్ని చుట్టుపక్కల ఊళ్ళన్నీ పంచుకోవాల్సిందే. భూమిలో పాతిన ఒక జత గాజు పోగులు వీటికంటే ఎంతో ఎక్కువ మోస్తాయి.

మాకు రోజూ కావాల్సింది ఆ గాజు తీగే. రేషన్ డీలరు ఈ-పాస్ మిషన్ పట్టుకుని మిద్దె మెట్లెక్కుతాడు. ఒక చేత్తో మిషన్ పైకెత్తి, రెండో చేత్తో ముసలామె వేలు పట్టుకుని, "ఉండవ్వా, గీత పడనీ" అంటాడు. సుగ్గికి గుంటూరు మిరప తోటలకు పోయిన అమ్మానాన్నల మొహాన్ని, అవ్వ దగ్గర మిగిలిపోయిన పిల్లలు చూసుకునేది ఫోన్‌లోనే. ఇలాంటి ఇంటికి వేలు పోసి డిష్ కిట్టు కొనమని చెప్పడం ఎగతాళి. ఆ తీగ కోసమే పెట్టిన రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగారు కాబట్టి పని తొందరగా, చవగ్గా అయింది. స్తంభం ఒరిగితే మాత్రం కరెంటూ నెట్టూ కలిసే పోతాయి.

ఆ స్తంభం ఒరిగే రోజు గురించే నేను మాట్లాడుతున్నది.

2009 అక్టోబర్ మొదటి వారం, తుంగభద్ర వరద. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి మఠం నీళ్ళలో మునిగింది, భక్తులు ఎక్కడివాళ్ళక్కడ చిక్కుకుపోయారు. నాగలదిన్నె వంతెన కొట్టుకుపోయింది. ఇంకా కిందికి పోతే, తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలు నగరాన్నే ముంచాయి. కలెక్టరేటు ఉన్న ఊరే మునిగితే మండలాల గోడు వినేదెవరు? కరెంటు పోయింది. టవరు బ్యాటరీ ఎంతసేపు? ఎవరి మిద్దె మీద ఎంతమంది ఉన్నారో, నీళ్ళు ఏ గడప దాకా వచ్చాయో చెప్పడానికి మనుషులున్నారు, చెప్పే దారే లేదు. ఐదేళ్ళకు, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖకు ఇదే చూపించింది. మహానగరం, అయినా ఫోన్లు రోజుల తరబడి మూగబోయాయి.

ఉపగ్రహం అసలు అక్కరకొచ్చేది ఇక్కడ. ఏటికి ఎంత నీరొచ్చినా దాన్ని తాకలేదు. ఆ రోజు ఎవరికీ సినిమాలు అక్కర్లేదు. నాలుగు మాటలు, రెండు ఫొటోలు, ఒక మ్యాపు పోతే చాలు. 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహమైతే హలోకు జవాబు అర సెకను ఆలస్యంగా వస్తుంది. పడవ కోసం అడిగేవాడికి అది లెక్కలోకి రాదు.

మరి ఆ ఉపగ్రహం ఎవరిదై ఉండాలి? ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. 1975 ఆగస్టులో నాసా తన ఏటీఎస్-6ను మనకు ఏడాదిపాటు వాడుకోనిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకు టీవీ వచ్చింది, ఏటి అవతలి రాయచూరు జిల్లా ఊళ్ళకు కూడా. 1976 జూలై 31తో గడువు తీరింది, కార్యక్రమాలు ఆగాయి. ఇన్‌శాట్ వచ్చేదాకా మనకు ఆ దారి మళ్ళీ తెరుచుకోలేదు.

ఇప్పటి విదేశీ కంపెనీల మీద మన ప్రభుత్వం 2025 మేలో గట్టి షరతులే పెట్టింది. సమాచారం ఇక్కడే ఉండాలి, నిఘాకు వీలుండాలి, ఆపమంటే ఆపాలి. బాగుంది. ఆపమనే హక్కు రాసుకున్నాం. వాళ్ళంతట వాళ్ళు ఆపితే? లేదా ఇంకెవరైనా పడగొడితే? 2022 ఫిబ్రవరి 24న, రష్యా ఉక్రెయిన్ మీదికి దిగిన రోజే, వయాశాట్ కంపెనీ ఉపగ్రహ నెట్‌వర్క్ మీద సైబర్ దాడి జరిగి వేల మోడెములు చచ్చుబడ్డాయి. జర్మనీలో గాలిమరలకు కూడా రిమోట్ సంబంధం తెగింది. యూరప్ దేశాలు ఊరికే భయపడలేదు. సొంతంగా ఐరిస్ స్క్వేర్ అనే సుమారు 290 ఉపగ్రహాల వ్యవస్థకు 2024 డిసెంబర్‌లో ఒప్పందం చేసుకున్నాయి. ఖర్చు 1,060 కోట్ల యూరోలు.

మన సైన్యం సంగతి ప్రభుత్వం చూసుకుంది. నౌకాదళానికి 2013లో జీశాట్-7, వైమానిక దళానికి 2018లో జీశాట్-7ఏ. 2025 నవంబర్ 2న శ్రీహరికోట నుంచి మన ఎల్‌వీఎం3 రాకెటే 4,410 కిలోల సీఎంఎస్-03 ఉపగ్రహాన్ని మోసుకెళ్ళింది. బ్రిటన్ ప్రభుత్వం సొమ్ము పెట్టిన వన్‌వెబ్‌కు కూడా 72 ఉపగ్రహాలను ఆ శ్రీహరికోటే రెండు విడతల్లో పంపింది. రాకెట్ ఎగిరేది మన రాష్ట్రం నుంచి, మా ఏటిగట్టు మండలం మాత్రం వరదొస్తే మూగది!

నేనడిగేది పెద్ద ఖర్చు కాదు. కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం, సి.బెళగల్ మండలాల్లో ఏటి పక్క సచివాలయాల మిద్దెల మీద ప్రభుత్వ ఉపగ్రహానికి కలిపిన డిష్, దానికో సోలార్ పలక, బ్యాటరీ. చుట్టూ వంద గజాల్లో వైఫై. ఇక్కడొక మెలిక ఉంది, మన ఆఫీసుల సంగతి తెలిసినవాళ్ళు నవ్వుకునేదీ ఇక్కడే. కొన్న సామాను బీరువాలోకి పోతుంది, తాళం బదిలీ అయిపోయిన ఆయన దగ్గర ఉంటుంది. అందుకే డిష్ కంటే ముందు ఒక రిజిస్టరు కావాలి. ఏటా జూన్‌లో, డ్యాం గేట్ల వార్తలు మొదలుకాక ముందే, కరెంటు తీసేసి ఆ డిష్ మీద కలెక్టరుకు ఫోన్ చేయాలి. కలిసిందా లేదా అన్నది సర్పంచి సంతకంతో అందులో రాయాలి, గ్రామసభలో చదవాలి.

— మాధవరం వాసి