యంత్రమునకు బహుళము తెలియదు

తెలుగు వ్యాకరణము చదివిన విద్యార్థికి ఆదేశమననేమో తెలియును. ఒక వర్ణము తొలగి దాని స్థానమున మరియొకటి వచ్చుటయే ఆదేశము. ‘వాడు పోయెను’ అనునది ‘వాడువోయెను’ అగునప్పుడు పకారమునకు వకారము ఆదేశమైనది. ఇట్టి పనినే లినక్సు కంప్యూటరులలో ‘సెడ్’ అను సాధనము చేయుచున్నది. వెదకవలసిన రూపమును, దాని స్థానమున నిలుపవలసిన రూపమును ఒక్క పంక్తిలో వ్రాసి యిచ్చినచో, వేయి పుటల గ్రంథమునైనను అది స్వల్పకాలములో మార్చి చూపును.

ఈ విద్య నిన్నటిది కాదు. అక్షరముల వరుసలను సూత్రములతో వర్ణించు గణితమును స్టీఫెన్ క్లీనీ 1956లో ప్రకటించెను. ఆ సూత్రములతో పాఠమును వెదకు పద్ధతిని కెన్ థాంప్సన్ 1968లో ప్రచురించెను. తరువాత కొలది యేండ్లకే బెల్ ప్రయోగశాలలలో లీ మెక్‌మహన్ ‘సెడ్’ను రచించెను.

ఒక విద్యార్థి తన వ్యాసములో ‘రామ’ అను రూపమునకెల్ల ‘కృష్ణ’ ఆదేశమగునట్లు ఆజ్ఞ యిచ్చెననుకొనుడు. రాముడు కృష్ణుడగును, బాగుగనే యున్నది. కాని విరామము ‘వికృష్ణము’ అగును. గ్రామము ‘గ్కృష్ణము’ అగును! కంప్యూటరు చూచునది రకారము, దీర్ఘచిహ్నము, మకారము అను వరుసను మాత్రమే. ఆ వరుస గ్రామములోను కలదు. రూపమునకు ముందు ఖాళీ యుండవలెనని హద్దు గీసినచో గ్రామము బ్రతుకును. అయినను రామాయణము ‘కృష్ణాయణము’ కాక మానదు. వ్యాకర్త ఇట్టి చిక్కులకు ‘బహుళము’ అను మాట నుంచుకొనెను. ఒకచో జరుగును, ఒకచో జరుగదు. ప్రయోగమెరిగిన వాడే నిర్ణయింపవలెను. యంత్రమునకు ఆ బహుళము తెలియదు.

భాషాబోధకునకు ఈ యంత్రవిద్య యేల యని కొందరందురు. ప్రాచీన గ్రంథములు నేడు కంప్యూటరులలోనికి ఎక్కుచున్నవి. లేఖకుని పొరపాటు ఒక తావున నిలుచును. హద్దెరుగని ఆజ్ఞ పొరపాటు గ్రంథమంతట వ్యాపించును. రాబోవు పాఠకుడు దానినే కవి మాటయని నమ్మును. కావున ఆదేశసంధి పాఠముతోపాటు ఈ సాధనమును కూడ తెలుగు తరగతిలో నేర్పుట యుక్తము. ప్రత్యేకముగ ఆజ్ఞాపించిననే తప్ప ‘సెడ్’ మూలమును దిద్దదు. మార్చిన పాఠమును తెరపై చూపి ఊరకుండును. ఆ తెరపైని పాఠమును మూలముతో పోల్చి చదువుట, మార్పు తగని తావులను ఏరి చెప్పుట విద్యార్థికి మంచి వ్యాకరణాభ్యాసము.