కోర్టు గడప దగ్గర ఎవరున్నారు?

న్యాయవ్యవస్థలో కులం గురించి మాట్లాడినప్పుడల్లా మన చూపు న్యాయమూర్తి పీఠం మీదే నిలుస్తుంది. కొలీజియం ఎవరిని ఎంపిక చేసిందన్నదే చర్చ. పిటిషన్ స్వీకరించి, లోపాలుంటే తిప్పి పంపి, నంబరు వేసి, రికార్డు భద్రపరిచే రిజిస్ట్రీ మాత్రం ఆ చర్చలోకి రాదు. అయితే పేదవాడికి న్యాయస్థానం మొదట ఎదురయ్యేది ఆ బల్ల దగ్గరే.

ఆ బల్లకు ఎన్నిక జరిపే రాష్ట్రం ఒకటుంది. అమెరికాలోని మోంటానాలో రాష్ట్ర సుప్రీంకోర్టు క్లర్కును ఆరేళ్లకోసారి ఓటర్లే ఎన్నుకుంటారు. న్యాయమూర్తులు పార్టీరహితంగా పోటీ చేసే ఆ రాష్ట్రంలో క్లర్కు అభ్యర్థి మాత్రం పార్టీ పేరుతో బరిలోకి దిగుతాడు. 2018లోనూ, 2024లోనూ రిపబ్లికన్ అభ్యర్థి బోవెన్ గ్రీన్‌వుడ్ గెలిచారు. అధ్యక్ష, సెనేట్ పోటీల హోరులో ఇలాంటి పదవిని పట్టించుకునేవారు తక్కువ. అభ్యర్థి ఎవరో తెలియని ఓటరుకు పార్టీ పేరే ఆధారం.

గుమాస్తా పదవిని సైతం ప్రజల చేతికిచ్చిన ఈ ఏర్పాటు ప్రజాస్వామ్యానికి పరాకాష్ఠ అనిపించవచ్చు. నేను అంగీకరించలేను. మోంటానాలో ఏడు ఆదివాసీ రిజర్వేషన్లున్నాయి. అక్కడ రిజర్వేషన్ అంటే ఉద్యోగ కోటా కాదు, ఆదివాసులకు మిగిల్చిన భూభాగం. రాష్ట్ర జనాభాలో వారు వందకు ఆరేడుగురే. రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గమైతే ఆ ఓటు సముద్రంలో కలిసిన వాగు. 2008లో ఆదివాసీ మహిళ డెనిస్ జునో రాష్ట్రవ్యాప్త పదవికి గెలిచిన మాట నిజమే. ఒక విజయం వ్యవస్థ న్యాయమైనదనడానికి రుజువు కాదు. అదే రాష్ట్రంలోని బిగ్ హార్న్ కౌంటీలో కౌంటీ అంతటినీ ఒకే నియోజకవర్గంగా చేసి జరిపిన ఎన్నికలు క్రో, నార్తర్న్ షయాన్ ప్రజల ఓటు బలాన్ని నీరుగార్చాయని 1986లో ఫెడరల్ కోర్టే తేల్చింది.

1932లో ప్రత్యేక నియోజకవర్గాల కోసం అంబేడ్కర్ పట్టుబట్టడం వెనుక ఉన్నదీ ఈ లెక్కే. పూనా ఒడంబడిక సీట్లు పెంచింది. ఆ సీట్లలో ఎవరు గెలవాలో తేల్చే శక్తిని మాత్రం ఉమ్మడి ఓటర్లకే అప్పగించింది. ఎన్నిక ఉన్నంత మాత్రాన ప్రాతినిధ్యం ఉన్నట్లు కాదు.

ఎన్నిక లేనంత మాత్రాన న్యాయం జరిగిందనీ కాదు. మన సుప్రీంకోర్టు సిబ్బంది నియామకాలు 146వ అధికరణ కింద ప్రధాన న్యాయమూర్తి చేతిలో ఉంటాయి. రిజర్వేషన్ రోస్టర్ ఎలా నడవాలో 1995లో సభర్వాల్ కేసులో దేశానికి చెప్పిన ఆ న్యాయస్థానమే, తన సిబ్బంది నియామకాలు, పదోన్నతులకు ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం రోస్టర్‌ను అమలులోకి తెచ్చింది 2025 జూన్‌లో. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్. గవాయ్ దళితుడు కావడం యాదృచ్ఛికమని నేననుకోను. అయితే ఒక వ్యక్తి రాక కోసం ముప్పై ఏళ్లు ఎదురుచూడవలసి రావడం హక్కు లక్షణం కాదు.

కనుక మనం అడగవలసింది క్లర్కుకు ఎన్నిక కాదు, లెక్క. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులు సహా ప్రతి న్యాయస్థానమూ తన రిజిస్ట్రీలో ఏ హోదాలో ఏ సామాజిక వర్గం వారు ఎందరున్నారో ఏటా ప్రకటించాలి. ఊడ్చేవారి వరుసలో ఎవరు, ఫైలు కదిలించే కుర్చీలో ఎవరు అన్నది అప్పుడే బయటపడుతుంది. ఎవరూ చూడని పదవుల్లోనే ఆధిపత్యం నిశ్చింతగా బతుకుతుంది.