చింతపండుతో తోమిన నాణెం

పిల్లలూ! బడిలో మీరు తప్పు చేస్తే మాస్టరు సరిదిద్దుతాడు. మాస్టరే తప్పు చేస్తే యెవరు సరిదిద్దాలి? ఈ నెల నేను చేసిన ఒక తప్పు చెబుతాను. అలాంటిది మీరు చెయ్యకుండా వుంటే, దాన్ని సరిదిద్దినట్టే.

చాలా యేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను కరీంనగరు జిల్లాలో, మానేరు వాగుకు దగ్గరగా వున్న ఒక పల్లెబడిలో పని చేస్తున్నాను. ఒకనాడు ఆరో తరగతి పిల్లవాడొకడు జేబులోంచి ఒక బిళ్ళ తీసి నా బల్లమీద పెట్టాడు.

"సార్, మా బాపు దున్నుతుంటే నాగలికి తగిలింది. ఇది పైసానా, సార్?" అన్నాడు.

అది మందంగా, చిన్నగా వున్న రాగి నాణెం. ఒంటినిండా పచ్చని చిలుము. ఒకవైపు పారశీక లిపి, అడుగున నాలుగు అంకెలు లీలగా కనిపిస్తున్నాయి. నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. పిల్లలందరికీ స్పష్టంగా చూపించాలని, ఇంటికి తీసుకుపోయి, చింతపండూ ఇటుకపొడీ వేసి, రాగిచెంబు తోమినట్టు తోమాను. నాణెం తళతళలాడింది. కాని అంకెలేవి? ఒక నిలువు గీత, దాని పక్కన ఒక చుక్క, అంతే మిగిలాయి. చివరి రెండూ పోయాయి!

ఇందులో వింతేమీ లేదు. రాగి, గాలితోనూ తేమతోనూ కలిసి చిలుము అవుతుంది. నేలలో మూడు నాలుగు వందల యేళ్ళు పడి వున్న నాణెంలో పైపొర అంతా చిలుముగా మారిపోతుంది. అంటే అక్షరాల అంచులు నిలిచి వుండేది ఆ చిలుములోనే. చింతపండులోని పులుపు చిలుమును కరిగిస్తుంది. ఇటుకపొడి మిగిలినదాన్ని గీకేస్తుంది. చెంబుకు అది మంచిదే. నాణేనికి మాత్రం చావు.

పోయిన ఆ రెండు అంకెల విలువ యెంతో చూడండి. పారశీక అంకెల్లో నిలువు గీత ఒకటి, చుక్క సున్న. రాత కుడినుంచి యెడమకు సాగినా, అంకెలు మాత్రం మనలాగే యెడమనుంచి కుడికి చదవాలి. అయిదు చిన్న సున్నలా వుంటుంది; దాన్ని సున్న అనుకోకండి. ఏడు ఇంగ్లీషు 'వి' లాగా, ఎనిమిది దాన్నే బోర్లించి ఇంటికప్పులాగా వుంటాయి. ఆరు మాత్రం టక్కరిది! మన 7 లాగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక నాణెంమీద గీత, చుక్క, 7 వంటి గుర్తు, ఇంటికప్పు వున్నాయనుకోండి. సంవత్సరం 1068. అయితే ఇది క్రీస్తుశకం కాదు, హిజ్రీ శకం. ఈ శకం క్రీ.శ. 622లో మొదలయింది. దీని సంవత్సరం చంద్రుణ్ణి బట్టి లెక్క. దాదాపు 354 రోజులే. మన ఊళ్ళలో పీర్ల పండుగ కొన్నేళ్ళు ఎండల్లోను, కొన్నేళ్ళు వానల్లోను, మరి కొన్నేళ్ళు చలిలోను రావడం మీరు చూసే వుంటారు. పండుగ యేటా పదకొండు రోజుల చొప్పున ముందుకు జరగడమే అందుకు కారణం.

కాబట్టి లెక్క ఇలా చెయ్యాలి. 1068లో నూటికి మూడు చొప్పున తీసేస్తే 32 పోయి 1036 మిగులుతుంది. దానికి 622 కలిపితే 1658 వస్తుంది. ఒక యేడాది అటూయిటూగా సరిపోతుంది.

ఈ 1068 సంవత్సరం నాణేలు గోలకొండను యేలిన అబ్దుల్లా కుతుబ్ షా వేయించినవి. వాటిమీద "శుభంగా, సౌభాగ్యంతో ముగిసింది" అని అర్థం వచ్చే మాటలున్నాయి. అంతకు కొద్దిగా ముందు, 1656లో, ఔరంగజేబు గోలకొండను ముట్టడించాడు. చివరకు సంధి జరిగింది. తేదీ తెలిస్తేనే గదా, ఆ మాటల పక్కన ఈ సంగతి పెట్టి చూడగలం! నా నాణెంమీద మిగిలినవి 1, 0 మాత్రమే. అంటే 1000 నుంచి 1099 వరకు యేదైనా కావచ్చు. ఆ నూరేళ్ళలో గోలకొండను నలుగురు సుల్తానులు యేలారు. నలుగురిలో యెవరిదో ఆ నాణెం ఇక చెప్పదు.

తోమకుండా చదవడం యెలాగ? చీకటి గదిలో నాణేన్ని బల్లమీద పెట్టి, టార్చిలైటును పక్కనుంచి, దాదాపు బల్లకు ఆనించి వెయ్యండి. గుంటల్లో నీడపడి, పగలు కనబడని అక్షరం లేచి కనిపిస్తుంది. నాణెం గట్టిగా వుంటే పలచని కాగితం కప్పి, పెన్సిలుతో మెల్లగా రుద్ది అచ్చు తీసుకోండి. పెళుసుబారి పొరలు రాలుతుంటే దాన్ని ముట్టకండి. తరువాత కంసాలి త్రాసులో తూచి బరువు రాసుకోండి. ఉర్దూ చదివిన పెద్దలకు చూపించి, "జర్బ్" అనే మాట యెక్కడుందో అడగండి. జర్బ్ అంటే ముద్రవేయడం. దాని దగ్గర వుండేది టంకశాల వున్న ఊరి పేరు. ఆనాడు అచ్చుమీద రాగిబిళ్ళ పెట్టి సుత్తితో కొట్టేవారు గనుక, ఒక్కొక్కసారి సగం అక్షరాలు బిళ్ళమీద పడనే పడవు. అలాంటప్పుడు ఒకే రకం నాణేలు రెండు మూడు పక్కపక్కన పెట్టుకుంటే, ఒకదానిలో లేనిది ఇంకొకదానిలో దొరుకుతుంది.

ఈ పాఠం నేర్చుకున్నాక, నాకు ఇంకొక నాణెం యెదురయింది. నా పాత విద్యార్థి ఒకడు ఆదిలాబాదు జిల్లాలో స్థిరపడ్డాడు. వాళ్ళ ఇంట్లో పెళ్ళికి అవ్వ మెడలోని పాత బంగారు పేరు కరిగించాలనుకున్నారు. అవుసులాయనకు ఇవ్వబోయే ముందు, వాడు ఒక బిళ్ళకు పెన్సిలు అచ్చు తీసి నాకు తెచ్చి చూపించాడు.

"సార్, ఈ మోకాళ్ళమీద కూర్చున్నాయన యే దేవుడు?" అని అడిగాడు.

ఆయన దేవుడు కాదు. ఇటలీలోని వెనిస్ నగరాన్ని యేలే పెద్ద. అతన్ని డోజ్ అంటారు. యెదుట నిలబడి అతనికి జెండా అందిస్తున్నవాడు మార్కు అనే సాధువు. జెండాకర్ర పక్కన పైనుంచి కిందికి డి, వి, ఎక్స్ అనే మూడు అక్షరాలుంటాయి. వెనుకవైపు కోడిగుడ్డు ఆకారంలో గీత, దాని లోపల నిలబడిన యేసుక్రీస్తు, చుట్టూ చుక్కలు. దీని పేరు డుకాట్. 1284లో మొదలుపెట్టి, 1797లో వెనిస్ రాజ్యం పడిపోయేదాకా, అయిదువందల యేళ్ళు ఇదే బొమ్మ, దాదాపు ఇదే బరువు: మూడున్నర గ్రాములు. బంగారం మేలిమిది. కాసులపేర్లలో కనిపించే సవరను యెనిమిది గ్రాములుంటుంది గనుక, త్రాసే ఈ రెంటినీ వేరు చేస్తుంది.

మన మిరియాలకోసం, బట్టలకోసం ఈ బంగారం ఈజిప్టు మీదుగా, యెర్రసముద్రం మీదుగా హిందూదేశానికి వచ్చింది. గుజరాత్‌లోని భరూచ్‌లో ఢిల్లీ సుల్తానుల నాణేలు, ఈజిప్టు సుల్తానుల నాణేలు, వెనిస్ డుకాట్లు ఒక్కచోటే దొరికాయి. మరాఠీవారు మెడలో వేసుకునే పుతళీహారంలో పుతళీ అంటే బొమ్మ. డుకాట్ మీది మనిషిబొమ్మే దానికి మూలం. తమిళదేశంలో ఆ జెండాకర్రను తాటిచెట్టనుకుని, డుకాట్‌ను "షాణార్ కాసు", అంటే కల్లుగీసేవారి కాసు, అన్నారు!

మా వాడు తెచ్చిన అచ్చులో బొమ్మ సరిగానే వుంది. అక్షరాలు మాత్రం చీమలు పాకినట్టు వున్నాయి, ఒక్కటీ చదవరాదు. అంటే అది వెనిస్‌లో కొట్టింది కాదు. ఆ లిపి రాని మన కంసాలి యెవరో డుకాట్‌ను చూసి, చూసినట్టు చెక్కాడన్నమాట. ఇలాంటివి మన దేశంలో చాలా తయారయ్యాయి. "అయితే దొంగదా, సార్?" అన్నాడు వాడు. బంగారం మంచిదైతే దొంగదెందుకవుతుంది? యెక్కడో ఇటలీలో లియొనార్డో డావించీ వంటివారు బొమ్మలు గీస్తున్న కాలంనాటి ఒక బొమ్మ, మన కంసాలి చేతిదాకా వచ్చిందని అది చెబుతోంది. ఆ మాట విని వాళ్ళు పేరంతా కరిగించి, ఆ ఒక్క బిళ్ళ మాత్రం అవ్వకే వదిలేశారు. అన్నీ వుంచమని అడగడానికి నాకు నోరు రాలేదు; పెళ్ళి ఖర్చు వాళ్ళది.

చివరగా, నా రెండో తప్పు చెప్పాలి. ఆ రాగి నాణెం యే చేలో, యెంత లోతున దొరికిందో నేను ఆనాడు అడగలేదు. పాత కరీంనగరు జిల్లాలోని కోటిలింగాల సంగతి చూడండి. అక్కడ గోదావరి వొడ్డున దొరికిన నాణేలను పరబ్రహ్మశాస్త్రిగారి వంటి పండితులు చదివి, శాతవాహన వంశానికి మొదటివాడైన చిముకుని పేరూ, అతనికంటె ముందున్న గోబద, సమగోప వంటి రాజుల పేర్లూ బయటపెట్టారు. ఆ నాణేలు యెక్కడివో తెలియకుండా అంగట్లో దొరికి వుంటే, ఆ రాజులు మన గడ్డవారని యెలా తెలుస్తుంది? నా పిల్లవాని చేను అడుగుదామని చాలాకాలానికి వెళితే, ఆ పల్లె భూములు మధ్యమానేరు నీళ్ళకింద వున్నాయి.

అందుచేత పిల్లలూ, మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. తోమకండి. దొరికిన చోటు, దొరికిన రోజు ఆ పూటే రాసిపెట్టండి. నేలలో నాణేలు దొరికితే దాచక తహసీల్దారుకు తెలియజేయండి. దాచకూడదని చట్టం కూడా చెబుతుంది. నాణేలకోసం మీరై యెక్కడా తవ్వకండి. చూడాలని సరదా పుడితే హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంకు అమ్మానాన్నలతో వెళ్ళండి.

ఇక ఈ నెల లెక్క. ఒక రాగి నాణెంమీద గీత, చుక్క, గీత, తరువాత 2 వున్నాయి. అది క్రీస్తుశకం యే సంవత్సరం? అప్పుడు గోలకొండను యేలుతున్న సుల్తాను యెవరు? పెద్దల్ని అడగకుండా చేసి చూడండి. జవాబు పై నెలలో చెబుతాను.

మీ పెద్దసారు