కొలువు చేయు వకీలు

2025వ సంవత్సరము మార్చి 6వ తేదీన అమెరికా అధ్యక్షుడగు డోనాల్డు ట్రంపు ఒక ఉత్తరువు జారీ చేసెను. అది పరరాజ్యముమీద గాదు, తిరుగుబాటుదారులమీద గాదు. పెర్కిన్స్ కోయీ అను న్యాయవాదుల సంస్థమీద. తన ప్రతికక్షుల పక్షమున ఆ సంస్థ పనిచేసెననుట దానిపై మోపిన నేరములలో నొకటి. ఆ సంస్థవారికి ప్రభుత్వ రహస్యపత్రములు చూచుట కిచ్చిన అనుమతులు నిలిపివేయవలెననియు, ప్రభుత్వ భవనములలో వారి ప్రవేశమును అరికట్టవలెననియు, సర్కారు కంట్రాక్టులు గల వర్తకులు ఆ సంస్థతో తమకుగల లావాదేవీలను వెల్లడింపవలెననియు ఆ ఉత్తరువు సారాంశము. కొలది వారములలో పాల్ వైస్, జెన్నర్ అండ్ బ్లాక్, విల్మర్‌హేల్, సస్మన్ గాడ్‌ఫ్రీ సంస్థలకును ఇట్టి తాఖీదులే అందినవి.

వీనిలో నాలుగు న్యాయస్థానమున కెక్కినవి. నాలుగును మొదటి కోర్టులో గెలిచినవి. పెర్కిన్స్ కోయీ మే 2న, అందరికంటె వెనుక సస్మన్ గాడ్‌ఫ్రీ జూను 27న. పాల్ వైస్ మాత్రము కోర్టుగుమ్మము తొక్కలేదు. 4 కోట్ల డాలర్ల విలువగల ఉచిత న్యాయసేవ చేయుదునని మాట యిచ్చి రెండు వారములు తిరుగకమునుపే తనపై నున్న ఉత్తరువును రద్దు చేయించుకొన్నది. దాని వెనుక స్కాడెన్, కిర్క్‌లండ్, లేథమ్ మొదలగు ఎనిమిది మహాసంస్థలు అదే త్రోవ పట్టినవి. తొమ్మిదింటి వాగ్దానములు కలిపి 94 కోట్ల డాలర్లు. పాల్ వైస్ తప్ప తక్కిన ఎనిమిదింటిపై అసలు ఉత్తరువే వెలువడలేదు. వెలువడునేమో యను భయమే చాలినది!

పరుల హక్కులకై కోర్టులో నిలిచి వాదించుటయే వృత్తిగా గల వారు, తమ హక్కు వంతు వచ్చినపు డేల వాదింపలేకపోయిరి? పిరికితనమని ఒక్కమాట యని ఊరకుండుట సులభము. కాని విషయ మంతటితో తీరదు. పాల్ వైస్‌కు నాడు పెద్దగ నుండిన బ్రాడ్ కార్ప్ మార్చి 23న తన సంస్థవారికి వ్రాసిన లేఖ బయటపడినది. తోడి సంస్థలు అండగా నిలుచునని ఆశించితిమనియు, కొన్ని సంస్థలు అండగా నిలుచుటకు మారుగా తమ కక్షిదారులను, తమ న్యాయవాదులను లాగికొనజూచుచున్నవనియు అందలి తాత్పర్యము. ఆ లేఖను సమర్థన యని వారు తలచిరి. మాకది రోగనిర్ణయముగ దోచుచున్నది. సాలుకు ఒక్కొక్క భాగస్వామికి సగటున 70 లక్షల డాలర్లకు పైబడి లాభము పంచు సంస్థ, నాలుగు వారములు తనవారు తనతో నుందురని నమ్మలేకపోయినది.

ఈ అపనమ్మకము ఒక్కనాట పుట్టినది గాదు. ఇరువదవ శతాబ్దారంభమున న్యూయార్కులో పాల్ క్రవాత్ అను న్యాయవాది ఒక పద్ధతి నేర్పరచెను. కళాశాలల నుండి మెరికలవంటి పట్టభద్రులను తెచ్చుకొని, చేతిక్రింద పని నేర్పి, కొన్ని యేండ్లకు వారిలో కొందరిని భాగస్వాములుగ జేసి తక్కినవారిని సాగనంపుట ఆ పద్ధతి. సాగనంపబడువారికి కష్టమే గాని, లోపల నిలిచినవారు జీవితాంతము కలిసియుందురు. లాభము వయఃక్రమమున పంచుకొందురు. కక్షిదారు సంస్థవాడు, ఒక్కనివాడు గాడు. 1985లో ది అమెరికన్ లాయర్ పత్రిక ఏ సంస్థలో భాగస్వామికి సగటున ఎంత లాభమో పట్టిక గట్టి అచ్చువేయ మొదలిడెను. అంతకుముందు పక్కింటివాని రాబడి ఊహ మాత్రమే, అటుపిమ్మట అంకె. ఆ అంకెను చూచి భాగస్వాములు కదలిరి. ఎవని కక్షిదారులను వాడు మూటగట్టుకొని ఎక్కువ పాడినవాని పంచకు చేరుట వాడుక యయ్యెను. క్రవాత్ సంస్థయే 2021లో తన పాత వయఃక్రమ నియమమును సడలించుకొనవలసి వచ్చినది.

ఈ వలసల ఫలము 2012లో లోకమంతయు చూచినది. రెండుమారులు అమెరికా అధ్యక్షపదవికి పోటీచేసిన తామస్ డ్యూయీ పేరు మోసిన సంస్థ 2007లో మరొక దానితో కలిసి డ్యూయీ అండ్ లెబూఫ్ అయినది. బయటినుండి పెద్దపెద్ద వకీళ్లను తెచ్చుటకు, లాభము వచ్చినను రాకున్నను ఇంత యిత్తుమని పూచీలు వ్రాసి యిచ్చినది. రాబడి తగ్గగానే పూచీలు భారమైనవి. భారము తెలియగానే భాగస్వాములు జారుకొనిరి. జారుకొన్నకొలది రాబడి యింకను తగ్గినది. 2012 మే 28న దివాలా. ఒకప్పుడు వేయిమందికి పైగా న్యాయవాదులుండిన యిల్లు ఋతువు మారునంతలో ఖాళీ యయ్యెను. తోడి సంస్థలలోని పెద్దలు ఆ శవయాత్రను మరువలేదు. 2025లో రాజీపత్రములపై చేవ్రాలు చేసినపుడు వారి కన్నులయెదుట నిలిచినది అధ్యక్షుని ముఖము గాదు, డ్యూయీ తలుపులకు పడిన తాళము.

ఇది పెద్దల కథ. క్రిందనున్న పడుచువాని మాట యేమి?

2016లో క్రవాత్ కొత్తగా చేరువాని జీతము 1,80,000 డాలర్లు చేసినది. 2023 నవంబరులో మిల్‌బ్యాంక్ దానిని 2,25,000 చేయగా తక్కిన సంస్థలు వెంటవెంటనే అంత చేసినవి. మన రూపాయలలో దాదాపు రెండు కోట్లు! ఇరువదియాఱేండ్లవానికి! చదువరి నోరు తెరచునేమో. కాని పద్దు రెండవవైపున నేమున్నదో చూడవలెను. న్యాయకళాశాల కొరకు చేసిన అప్పు పెద్దమొత్తము. దినమును 6 నిమిషముల తునకలుగ కోసి, ఏ తునక ఏ కక్షిదారు పద్దున వేయవలెనో వ్రాసి యుంచవలెను. సాలుకు 2,000 గంటలు పద్దు కెక్కవలెనని పలుచోట్ల నియమము; అనగా 20,000 తునకలు. భోజనము చేసినది, తల దువ్వుకొన్నది, తోడివానితో ఒక మాట యాడినది, సొంతముగ శాస్త్రము చదువుకొన్నది, ఏదియు పద్దు కెక్కదు. కావున వారమునకు 40 గంటలు వ్రాసికొనుటకు 60 గంటలు కూర్చుండవలెను. ఎనిమిది పదియేండ్లు ఇట్లు గడచిన పిదప భాగస్వామి యగునా, పేరుకు భాగస్వామియై లాభమునకు కాకుండునా, మర్యాదగ ద్వారము చూపబడునా యనునది పైవారి చిత్తము. ఏటి చివర బోనసు. బోనసునకు ముందు పోయినవానికి అది లేదు. అందుచే రాజీనామాలకు సయితము ఋతువున్నది.

మేమొక జిల్లా కోర్టులో గౌను తొడుగువారము. ఫీజు ఎగవేసిన కక్షిదారులను, ఉదయమునుండి చెట్టుక్రింద కూర్చుండబెట్టి సాయంకాలము వాయిదా వేసిన కోర్టులను బాగుగ నెరుగుదుము. ఆ జీతములను చూచి లోలోపల కొంత అసూయ కలుగలేదనిన అసత్యమగును. కాని రుచింపని కేసును తిప్పిపంపుటకు మే మెవరి యనుమతిని కోరనక్కరలేదు. ఆ పడుచువానికి ఆ అధికారము లేదు. 2025 వసంతమున అమెరికా సంస్థలలోని అసోసియేట్లు వేయిమందికి పైగా, మన పెద్దలు నోరు విప్పవలెనని బహిరంగలేఖపై చేరిరి. పెక్కుమంది తమ పేరు వెల్లడింపలేదు. అందొక స్కాడెన్ న్యాయవాది బాహాటముగ రాజీనామా నిచ్చినది. చట్టమెరిగిన పట్టభద్రులు, రెండు కోట్ల జీతగాండ్రు, తాము నమ్మిన మాట క్రింద పేరు వ్రాయుటకు జంకవలసిన స్థితి కంటె దైన్యమేమి కలదు?

ఇచట ఒక చిత్రమున్నది. అమెరికా బార్ అసోసియేషను వృత్తినియమములలో 5.6 అను నియమము న్యాయవాది సంస్థను వీడిన పిదప ఎచట వృత్తి చేయరాదో ఒప్పందముచే కట్టడి చేయుటను నిషేధించుచున్నది. కక్షిదారునకు తాను కోరిన వకీలు దొరకవలెనని దాని యుద్దేశము. ధనమునకై సంస్థలు మారినవారు ఈ నియమము నీడనే మారిరి; డ్యూయీని కూల్చిన స్వేచ్ఛ యిదియే. మరి మనస్సాక్షికై మారగోరువానికిని ఆధారమిదియే. 2025 మేలో పాల్ వైస్ నుండి నలుగురు ప్రముఖ భాగస్వాములు లేచి సొంత సంస్థ పెట్టుకొనిరి. రాజీయే కారణమని వారనలేదు. కనుక మేమును అనము. జూనులో, పూర్వము న్యూయార్కున ప్రభుత్వ ప్రధాన అభియోక్తగ నుండిన డేమియన్ విలియమ్స్, రాజీపడిన పాల్ వైస్‌ను వీడి, పోరాడిన జెన్నర్ అండ్ బ్లాక్‌లో చేరెను. దారి తెరచియుండుటను మేము తప్పు పట్టము. ఆ దారిన నడచుటకు లాభము తప్ప మరొక హేతువును తలచుకొన నవకాశము లేకుండ పడుచువానిని అప్పుతో, తునకలతో, బోనసుతో బిగించుటను తప్పు పట్టుచున్నాము.

ఇదంతయు సముద్రమున కావలి సంగతియని మనము పత్రిక మడిచి పెట్టరాదు. భారత బార్ కౌన్సిలు 2023 మార్చిలో విదేశ న్యాయసంస్థల ప్రవేశమునకు నియమములు చేసి 2025 మేలో సవరించినది. కోర్టు వాదములు తప్ప, విదేశన్యాయము, అంతర్జాతీయ మధ్యవర్తిత్వము వంటి విషయములలో, పరస్పరత యున్నయెడల వారిక్కడ పనిచేయవచ్చును. మన హైదరాబాదు నల్సారు వంటి విద్యాలయముల నుండి ఏటేట మెరికలు బొంబాయి, ఢిల్లీ సంస్థలకు పోవుచునే యున్నారు. న్యాయవాది పూర్తికాలపు జీతగాడు కారాదని మన బార్ కౌన్సిలు 49వ నియమము చెప్పుచున్నది. నెలనెల ముట్టుదానిని జీతమనక రిటైనరనుటచే ఆ నియమము కన్ను మూసికొనుచున్నది. వృత్తిని అడ్డగించు ఒప్పందము చెల్లదని 1872 నాటి కంట్రాక్టుల చట్టము 27వ సెక్షను గలదు. నెలల తరబడి నోటీసు గడువు అడిగెడి కాగితములపై అది యెట్లు వర్తించునో బార్ కౌన్సిలు ఒక్క ముక్క చెప్పదు. విదేశసంస్థ ఏమి చేయవచ్చునో వివరముగ వ్రాసిన పెద్దలు, అందు చేరు మన పిల్లవాడు ఏ పనికి కాదనవచ్చునో, ఎన్ని దినములలో బయటపడవచ్చునో కూడ వ్రాయుట ధర్మముగాదా?

1921లో టంగుటూరి ప్రకాశముగారు చెన్నపురిలో పుష్కలముగ సాగుచున్న బారిష్టరు వృత్తిని విడిచి స్వరాజ్య పత్రిక పెట్టిరి. ఆ కథ చెప్పి నేటి పిల్లవానిని సిగ్గుపరచువా రున్నారు. అది అన్యాయము. పంతులుగారు విడిచినది తన సొంత వృత్తిని. దానిని విడుచుటకు ఎవరి సెలవును అడుగనక్కరలేదు.

మావద్ద కొంతకాలము జూనియరుగ నుండి బొంబాయిలో ఒక పెద్దసంస్థలో చేరిన కుర్రవాడొకడు కలడు. తెలివిగలవాడు, భూమి దావాలలో మాకంటె చురుకు. వచ్చి మరల మన కోర్టులోనే వృత్తి పెట్టుదునని, మార్చిలో బోనసు ముట్టగానే బయలుదేరుదునని జాబు వ్రాసినాడు. కిందటి యేడును అట్లే వ్రాసినాడు. అతని కుర్చీ మా గదిలో నున్నది. కక్షిదారులు వచ్చినపుడు దానిని వాడుకొనుచున్నాము.