పాత రంపం మిషన్‌ను తూకానికి వేయకండి

పులివెందుల వైపు ఎండిన చీనీ తోట కొట్టాలన్నా, జమ్మలమడుగు వైపు చేన్లో కంపచెట్లు తీయాలన్నా ఇప్పుడు గొడ్డలి పట్టే కూలీ దొరకడం కష్టం. రంపం మిషనే దిక్కు. అది మొరాయిస్తే అంగట్లో చెప్పే మాట ఒకటే: "దీనికి పార్టులు రావన్నా, కొత్తది తీసుకో." ఆ సలహాతో లాభం ఎవరికో వేరే చెప్పనక్కర్లేదు. పాత ఇనుము కింద వేసేముందు దాన్ని ఒకసారి విప్పి చూడాలి.

లోపల ఉన్నది చిన్న టూ స్ట్రోక్ ఇంజనే. చాలాకాలం మూలన పడి ఉంటే కార్బొరేటర్‌లోని పల్చటి డయాఫ్రం బిరుసెక్కి పెట్రోలు లాగదు. బాగా పాతవాటిలో ఫ్లైవీల్ కింద పాయింట్లు ఉంటాయి. వాటికి చిలుము పడితే ప్లగ్గులో నిప్పు రాదు. ఇంజన్ స్టార్టయి, యాక్సిలేటర్ వదిలినా రేసు తగ్గకపోతే క్రాంకు సీల్ దగ్గర గాలి లాగుతోందేమో చూడాలి. అలాగే నడిపితే పిస్టన్ పట్టేస్తుంది.

ఆ సీల్ అంచున అంకెలు ఉంటే లోపలి కొలత, బయటి కొలత, మందం అవే. ప్రొద్దుటూరులో బేరింగుల అంగడికి ఆ అంకెలతో పోండి, కంపెనీ పేరు చెప్పి అడగొద్దు.

విప్పేటప్పుడు తొందర పనికిరాదు. క్లచ్‌కు చాలా మిషన్లలో ఎడమ మర ఉంటుంది. మామూలు నట్టు అనుకొని తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. పిస్టన్ తలమీద బాణం గుర్తుంటే అది సైలెన్సర్ వైపుకే రావాలి. తిప్పి పెడితే రింగు విరుగుతుంది. ఏ మూత బోల్టులు ఆ గిన్నెలోనే వేసి, ప్రతి దశలో సెల్‌ఫోన్లో ఫొటో తీసుకోండి. ఒక్కమాట: చైన్ బ్రేకు లేని మిషన్ ఎంత బాగా నడిచినా కోతకు వద్దు. ఎగిరి తన్నితే ఆపేది ఏదీ ఉండదు.

పిస్టన్, సిలిండర్ మాత్రం బేరింగుల అంగట్లో దొరకవు. వాటికి కంపెనీయే దిక్కు, అసలు పేచీ అక్కడే. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో రిపేరు హక్కుపై కమిటీ వేసినప్పుడు వ్యవసాయ పనిముట్లనూ అందులో చేర్చింది. డిసెంబరులో పోర్టల్ పెట్టారు. పోర్టల్‌తో పిస్టన్ చేతికి రాదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో చట్టమే చేసింది. వ్యవసాయ యంత్రాల కంపెనీలు విడిభాగాలు, మాన్యువళ్లు రైతులకు ఇవ్వాల్సిందే అని, 2024 జనవరి 1 నుంచి అమలు. మనకూ అలాంటి చట్టమే కావాలి. సబ్సిడీ మీద ఇచ్చే ప్రతి యంత్రంతో తెలుగులో విడిభాగాల బొమ్మల పుస్తకం, పదేళ్లపాటు పార్టులు ఇస్తామన్న హామీ ఉండాలని మన సంఘం గట్టిగా అడగాలి.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చోనక్కర్లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల శాఖలు పాత మెకానిక్‌లను పిలిచి వానలకు ముందే ఒక్కో రోజు రిపేరు శిబిరం పెట్టాలి. అంగళ్లు దగ్గర కాబట్టి మొదటిది ప్రొద్దుటూరులో పెడదాం. మిషన్‌తోపాటు ఊడిన బోల్టులు కూడా తెచ్చుకోండి.