గెలిచేవాడి మీద ఎంత బరువు?

2022 అక్టోబరు 9, ఆదివారం. సిడ్నీకి పడమరగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న బాథర్స్ట్ ఊళ్లో, మౌంట్ పనోరమా కొండ మీద కార్ల పందెం. మామూలు రోజుల్లో ఊరివాళ్లు సొంత బళ్లు నడుపుకునే రోడ్డే ఆ కొద్దిరోజులు పందెం బాటగా మారుతుంది. ఒక చుట్టు 6.213 కిలోమీటర్లు. అలాంటివి 161 చుట్లు తిరిగితే 1000 కిలోమీటర్లు పూర్తవుతాయి. ముందురోజు వాన దెబ్బకు, మొదటి పది స్థానాలు తేల్చే అర్హత పోటీ రద్దయింది. ఆదివారం పందెం మొదలైన కాసేపటికే కార్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. గంటల తరబడి సాగిన ఆ పరుగు చివరికి ఎవరి చేతికి చిక్కిందంటే, అప్పటికే పాయింట్ల పట్టికలో ఎవరికీ అందనంత ఎత్తున ఉన్న షేన్ వాన్ గిస్‌బర్గెన్ చేతికే. సహ డ్రైవరు గార్త్ టాండర్‌తో కలిసి అతను కామ్ వాటర్స్, జేమ్స్ మోఫట్ జోడీని వెనక్కి నెట్టాడు.

తర్వాతి పోటీ గోల్డ్ కోస్ట్‌లో. ఆస్ట్రేలియా ఛాంపియన్‌షిప్ అక్కడే అతనికి ఖరారైంది. ఏడాది ముగిసేసరికి 34 పందేల్లో 21 అతనివే. అంతకుముందు రికార్డు 2019లో స్కాట్ మెక్‌లాఫ్లిన్ గెలిచిన 18. దానికి ముందు 1996లో క్రెయిగ్ లౌండ్స్ గెలిచిన 16 చాలాకాలం చెక్కుచెదరలేదు.

ఇలాంటి ఏడాది వచ్చిందంటే ఒక సణుగుడు మొదలవుతుంది. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన పందెం చూడటం దేనికి? టీవీవాళ్లు దిగులుపడతారు, స్పాన్సర్లు లెక్కలు చూసుకుంటారు, నిర్వాహకులు నిబంధనల పుస్తకం తెరుస్తారు. గెలిచేవాణ్ని ఎలా వెనక్కి లాగాలన్న ఆలోచన అక్కడే పుడుతుంది. టూరింగ్ కార్ల పందేల చరిత్రలో సగం ఈ ఆలోచన చుట్టూనే తిరిగింది. అది సరైన ఆలోచనేనా, సరైనదే అయితే ఎంతవరకు అన్నది తేల్చుకోవాల్సిన విషయం.

టూరింగ్ కారంటే ఏమిటో ముందు ఒక మాట. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున హైదరాబాద్ జనం చూసిన ఫార్ములా ఈ కార్లు వేరు. వాటికి చక్రాలు బయటికి ఉంటాయి, డ్రైవరు ఒక్కడే ఇరుకు గూట్లో కూర్చుంటాడు. టూరింగ్ కారు చూడటానికి వీధిలో తిరిగే కారులాగే ఉంటుంది. తలుపులు, డిక్కీ, ముందు కంపెనీ బొమ్మ అన్నీ కనిపిస్తాయి. తిరుపతి నుంచి రెండు మూడు గంటల్లో చేరుకోగల చెన్నై శివారు ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లోనూ ఇండియన్ టూరింగ్ కార్స్ పేరుతో ఈ తరహా పోటీలు జరుగుతాయి. మనం కొనే కారులాంటి కారే గెలుస్తోందన్న భావనే ఈ ఆటకు ప్రాణం. అందుకే కంపెనీలు డబ్బు గుమ్మరిస్తాయి. డబ్బు గుమ్మరించిన కంపెనీ గెలవడం మొదలుపెడితే మిగతావి గొడవకు దిగుతాయి.

బ్రిటిష్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్ దీనికి చాలాకాలం వాడిన మందు బరువు. గెలిచినవాడి కారులో అదనంగా దిమ్మలు బిగించేవారు. ఒక దశలో పట్టికలో మొదటి స్థానంలో ఉన్నవాడికి 75 కిలోలు పెట్టారు. కారు బరువే సుమారు 1300 కిలోలు. ఒక నిండు మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని పందెం ఆడటమన్నమాట. ఆ బరువు నేరుగా పోయేటప్పుడు కన్నా మలుపుల దగ్గర ఎక్కువ బాధపెడుతుంది. బ్రేకు కొంచెం ముందే తొక్కాలి. ముందు చక్రాలతో నడిచే కారైతే ఆగడానికీ, తిరగడానికీ, మళ్లీ లాగడానికీ ఆ రెండు టైర్లే దిక్కు కాబట్టి సగం పందేనికే అవి అలిసిపోతాయి. మలుపు దాటాక వేగం అందుకోవడం ఒక్క క్షణం ఆలస్యమైతే చాలు, వెనకవాడు పక్కకు వచ్చేస్తాడు.

అక్కడ ఒక్క రోజులో మూడు పందేలు ఉంటాయి. మొదటిదానికి పాయింట్ల పట్టికను బట్టి, తర్వాతివాటికి అంతకుముందు పందెం ఫలితాన్ని బట్టి బరువు మోయాల్సి ఉండేది. మూడో పందేనికైతే ముందున్న కొన్ని వరుసలను తిరగేసి నిలబెడతారు. అంటే పొద్దున గెలిచినవాడు ఒక్కోసారి సాయంత్రానికి బరువుతో, వెనక వరుస నుంచి బయల్దేరాల్సి వచ్చేది. 2022లో బరువు తీసేసి హైబ్రిడ్ మోటారు తెచ్చారు. 2024 సీజన్ దాకా బ్యాటరీ ఇచ్చే అదనపు బలం ముందున్నవాడికి తక్కువగా, వెనకున్నవాడికి ఎక్కువగా ఉండేది. పనిముట్టు మారింది గానీ ఉద్దేశం అదే. యాష్ సటన్ తన నాలుగో టైటిల్‌ను 2023లో ఫోర్డ్ ఫోకస్‌తో గెలిచింది ఈ పద్ధతిలోనే.

ఇదంతా అన్యాయంగా కనిపించవచ్చు. పరీక్షలో ఫస్టు వచ్చిన పిల్లవాడికి మరుసటి పరీక్షలో పది నిమిషాలు తగ్గించినట్టుందని ఎవరైనా అంటే తోసిపుచ్చలేం. అయినా బరువు పద్ధతిని సమర్థించడానికి గట్టి కారణముంది. గుంటూరు, ప్రకాశం, కర్నూలు పల్లెల్లో బండలాగుడు పోటీలు చూసినవారికి అది సులువుగా అర్థమవుతుంది. రెండు పళ్ల గిత్తలకు ఒక బండ, ఆరు పళ్ల గిత్తలకు ఇంకో బండ, సీనియర్ జతలకు అన్నిటికన్నా పెద్ద బండ. బలం పెరిగే కొద్దీ బండ బరువు పెరుగుతుంది. దానివల్ల ఆ జత పేరు తగ్గదు, పెరుగుతుంది. పెద్ద బండను ఎంత దూరం లాగిందో జనం ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

కోలిన్ టర్కింగ్‌టన్ 2018 ఏడాది అలాంటిదే. ఆ సంవత్సరం 30 పందేల్లో 17 మంది వేర్వేరు విజేతలు. టైటిల్ గెలిచిన టర్కింగ్‌టన్ మొదటి స్థానంలో నిలిచింది ఒకే ఒక్కసారి. ఒక్క పందెం గెలిచినవాడు ఛాంపియన్ ఏమిటని వెక్కిరించినవాళ్లున్నారు. అతను చేసిన పనిని వాళ్లు సరిగా చూడలేదు. బరువుంటే నాలుగో స్థానం, బరువు తగ్గితే రెండో స్థానం, వెనక వరుసలో నిలబెడితే ఎవరినీ గుద్దకుండా, ఎవరి చేతా గుద్దించుకోకుండా ఒక్కొక్కరినీ దాటుకుంటూ పైకి రావడం, టైరును చివరి చుట్టు వరకు దాచుకోవడం. ఇది అతను 2009, 2014లోనూ చేశాడు, 2019లో మళ్లీ చేశాడు. బీఎండబ్ల్యూ కార్లలో నాలుగు టైటిళ్లు ఊరికే రావు. పట్టికలో ముందున్నవాడి గొప్పదనం ఎప్పుడూ జెండా కిందే కనిపించదు, కొన్నిసార్లు అయిదో స్థానం కోసం అతను పడే పెనుగులాటలో ఉంటుంది. ప్రసారకర్తలు కెమెరాను అక్కడికీ తిప్పాలి.

అభ్యంతరం వేరేచోట ఉంది. పోటీ మధ్యలో బండ మార్చడం దగ్గర.

1996లో ఆడి కంపెనీ ఫోర్ వీల్ డ్రైవ్ ఏ4 క్వాట్రోతో బ్రిటన్‌కు వచ్చింది. నాలుగు చక్రాలూ లాగే కారు పందెం మొదట్లోనే ఎగిరి ముందుకు దూకేది. తడి రోడ్డు మీదైతే మిగతావాళ్లకు దాని వెనక దీపాలే కనిపించేవి. ఫ్రాంక్ బీలా గెలుచుకుంటూ పోయాడు. పోటీదారులు గగ్గోలు పెట్టారు. నిర్వాహకులు సీజన్ నడుస్తుండగానే ఆ కార్ల బరువు పెంచారు. అయినా టైటిల్ బీలాదే. ఆ ఏడాది ఆ కారు ఏడు దేశాల టూరింగ్ ఛాంపియన్‌షిప్పుల్లో దిగి ఏడూ గెలిచింది. 1997 ముగిశాక ఆ పోటీల్లో ఫోర్ వీల్ డ్రైవ్‌కే తలుపులు మూశారు.

నిర్వాహకుల ఇబ్బంది నిజమైనదే. ఒక్క కంపెనీ గెలుస్తూ పోతే మిగతా కంపెనీలు సంచులు సర్దుకుంటాయి. కానీ సీజన్ మొదలవక ముందు రాసుకున్న నిబంధనను నమ్మి కారు తయారుచేసినవాడిని సీజన్ మధ్యలో శిక్షించడం ఏ లెక్కన చూసినా తప్పే. గెలిచినవాడికి ఇన్ని కిలోలని జనవరిలో రాస్తే అది ఆట. జులైలో ఒక్కడి కోసం రాస్తే అది దండన.

ఆడికి మరుసటి ఏడాదే ట్రాక్ మీద జవాబు దొరికింది. విలియమ్స్ జట్టు తయారుచేసిన రెనో లగూనాతో స్విట్జర్లాండ్ డ్రైవరు అలన్ మెన్యూ 1997 పోటీలను దున్నేశాడు. 24 పందేల్లో 12 గెలిచాడు. పట్టికలో అతనికి 281 పాయింట్లు, రెండో స్థానంలో ఉన్న బీలాకు 171. అంకెలు చూస్తే ఇంత ఏకపక్షమైన ఏడాది మరొకటి ఉండదేమో అనిపిస్తుంది. అంతకుముందు 1994, 1995, 1996 మూడేళ్లూ మెన్యూ రెండో స్థానంలోనే ఆగిపోయాడన్న సంగతి కలిపి చూస్తే అదే అంకెకు అర్థం మారుతుంది. మూడేళ్లు గుమ్మం దగ్గరే నిలబడిపోయిన మనిషి నాలుగో ఏడు ఇల్లంతా తనదే చేసుకున్నాడు. అందులో విసుగెక్కడుంది?

ఏకపక్ష విజయాలు ఆటను చంపేస్తాయన్న భయానికి ఆ కాలమే సమాధానం చెబుతుంది. మెన్యూ జోరు తర్వాత ఆ పోటీలు కుప్పకూలలేదు. అవి నీరసించింది ఖర్చు వల్ల. కార్ల తయారీకి అయ్యే డబ్బు ఏటేటా పెరిగి, 2000 నాటికి ఫోర్డ్, హోండా, వాక్స్‌హాల్ మాత్రమే మిగిలాయి. ఆ ఏడాది కూడా మెన్యూయే గెలిచాడు, ఈసారి ఫోర్డ్ మాండియోతో.

ప్రపంచ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్‌దీ ఇదే కథ, ఇంకాస్త చేదుగా. 2014లో కొత్త నిబంధనలు రాగానే సిట్రోయెన్ పూర్తి బలగంతో దిగింది. ర్యాలీల్లో తొమ్మిదిసార్లు ప్రపంచ విజేత సెబాస్టియన్ లోబ్, టూరింగ్ కార్లలో అప్పటికే నాలుగుసార్లు ప్రపంచ విజేత ఇవాన్ ముల్లర్, వాళ్లతోపాటు అర్జెంటీనా నుంచి యూరప్‌లో పెద్దగా ఎవరూ పట్టించుకోని హోసే మరియా లోపెస్. గెలిచింది ఆ మూడోవాడు. 2014, 2015, 2016 వరుసగా మూడు టైటిళ్లు. సొంత జట్టులోనే ఇద్దరు మహామహులను, అదే కారులో, ఓడించినవాడి విజయాన్ని కారు గొప్పతనమని కొట్టిపారేయడం అన్యాయం. అయితే చిన్న జట్లు ఆ కంపెనీ ఖర్చుతో తూగలేకపోయాయన్నదీ నిజమే. 2016 తర్వాత సిట్రోయెన్ వెళ్లిపోయింది. 2017తో ఆ ఛాంపియన్‌షిప్పే ముగిసింది. అక్కడ అదుపు చేయాల్సింది లోపెస్‌ను కాదు, ఖర్చును.

గెలిచేవాడిపై కోపం ఎంత దూరం పోగలదో తెలియాలంటే మళ్లీ బాథర్స్ట్‌కే రావాలి. 1992 అక్టోబరు 4. నిస్సాన్ జీటీ-ఆర్ కారు అప్పటికే రెండేళ్లుగా ఆస్ట్రేలియా పందేలను ఏలుతోంది. జనం దాన్ని గాడ్జిల్లా అని పిలిచేవారు. సొంత దేశపు కార్లుగా భావించే హోల్డెన్, ఫోర్డ్‌ల అభిమానులకు ఈ జపాన్ కారు కంటగింపు. ఆరోజు కుండపోత. ముందున్న జిమ్ రిచర్డ్స్ కారు నీళ్లలో జారి దెబ్బతింది, మరికొన్ని కార్లూ జారిపోయాయి, పందెం ఆపేశారు. నిబంధన ప్రకారం అంతకుముందు చుట్ల లెక్క తీస్తే రిచర్డ్స్, మార్క్ స్కైఫ్ విజేతలయ్యారు. వేదిక కింద గుంపు అరుపులతో, ఈలలతో వాళ్లను తిట్టిపోసింది. రిచర్డ్స్ మైకులో ఆ గుంపును కటువైన మాటలతో కడిగేశాడు.

ఆ గుంపుకు తెలియనిది ఒకటుంది. 1967 ఫార్ములా వన్ ప్రపంచ విజేత, న్యూజిలాండ్‌వాడైన డెనీ హల్మ్ అదే పందెంలో కారు నడుపుతూ గుండెపోటుతో చనిపోయాడు. రిచర్డ్స్ కూడా న్యూజిలాండ్‌వాడే, హల్మ్ అతనికి స్నేహితుడు. ఆ కబురు విన్న కాసేపటికే అతను వేదిక ఎక్కాడు. 1993 నుంచి నిబంధనలు మారి, వీ8 ఇంజిన్ల హోల్డెన్, ఫోర్డ్ కార్లదే రాజ్యమైంది. గాడ్జిల్లాకు చోటు లేకుండా పోయింది.

అదే కొండ మీద 1979లో పీటర్ బ్రాక్, ఇదే జిమ్ రిచర్డ్స్ జోడీ హోల్డెన్ టొరానాలో ఏకంగా ఆరు చుట్ల తేడాతో గెలిచింది. అంత తేడా ఉన్నప్పుడు చివరి చుట్టు ఎవరైనా నెమ్మదిగా ముగిస్తారు. బ్రాక్ ఆ చివరి చుట్టులోనే ల్యాప్ రికార్డు బద్దలుకొట్టాడు. అప్పుడు ఎవరూ అరవలేదు, తిట్టలేదు. అంతకన్నా ఏకపక్షమైన పందెం ఉండదు, అయినా ఆస్ట్రేలియాలో దాన్ని నేటికీ మురిపెంగా చెప్పుకుంటారు. 1992 గుంపును మండించింది ఏకపక్ష విజయమే అయితే 1979లోనూ మండాలి. గెలిచింది మనవాడా, పరాయివాడా అన్నదే తేడా. నిబంధనలు రాసేవాళ్లు ఈ తేడాను గుర్తించాలి. అభిమానుల అలకను విసుగుగా పొరబడి కలం పట్టకూడదు.

చేయాల్సినవి కష్టమైనవేమీ కావు. బరువైనా, బ్యాటరీ అయినా, తిరగేసిన వరుసలైనా సీజన్‌కు ముందే అంకెలతో సహా ప్రకటించాలి. అవి ఎవరు గెలిచినా ఒకేలా వర్తించాలి. మధ్యలో ఒక్క కారును వేలెత్తి చూపి మార్చకూడదు. ఖర్చుకు కళ్లెం వేయాలి. ఆ తర్వాత కూడా ఒకడే గెలుస్తూ పోతే అతన్ని గెలవనివ్వాలి.

బ్రిటన్‌లో ఈ పోటీలు 1958లో మొదలైనప్పుడే ఈ ప్రశ్న ఎదురైంది. అప్పట్లో ఇంజిను పరిమాణాన్ని బట్టి తరగతులుండేవి, ఏ తరగతిలో గెలిచినా పాయింట్లు ఒకటే. టామీ సాప్‌విత్ తన తరగతిలో జాగ్వార్‌తో, జాక్ సియర్స్ తన తరగతిలో ఆస్టిన్ వెస్ట్‌మినిస్టర్‌తో గెలుస్తూ పోయి, ఏడాది చివర సమానంగా నిలిచారు. నాణెం ఎగరేసి తేల్చుదామన్న ప్రతిపాదన వచ్చింది. ఇద్దరూ వద్దన్నారు. బ్రాండ్స్ హ్యాచ్ ట్రాక్‌కు ఒకేలాంటి రెండు రైలీ 1.5 కార్లు తెచ్చారు. అయిదేసి చుట్ల పందేలు రెండు. మొదటిది అయ్యాక ఇద్దరూ దిగి, కార్లు మార్చుకుని, రెండోది నడిపారు. రెండిటి సమయాలు కలిపి చూస్తే సియర్స్ 1.6 సెకన్లు ముందున్నాడు.