పాత డీజిలు జీపును కొనుటకు ముందు



పాడియావును కొనువారు పొదుగును చూచి మాత్రమే రూకలు చెల్లింపరు. రెండు పూటలు ఎదుట పితికించి, పాలు కొలిచి, పిమ్మట బేరమాడుదురు. ఒక పూట పితుకక నిలిపి పొదుగును నిండుగా చూపువారు కలరని మన పెద్దలెరుగుదురు. పాత మోటారుబండిని కొనునప్పుడు మాత్రము మనమీ వివేకమును మరచుచున్నాము. మా యింట జరిగిన సంగతియే యిందుకు సాక్షి.

మా మరిదికి నారాయణవనము ప్రక్కను కొండక్రింద మామిడితోట కలదు. త్రోవయంతయు వాగులు, గుండ్లు. నాలుగు చక్రములును లాగు బండి గాని యచ్చటికి పోదు. క్రొత్తదాని వెల యందక, ఆయన యొక పాత డీజిలు జీపును వెదకెను. మా తోడికోడలు తన కాసులపేరును కుదువబెట్టి రొక్కము తెచ్చినది. నిరుడు కార్తికమాసమున బేరమునకు మేమును వెంట పోయితిమి. బండికి క్రొత్తరంగు తళతళలాడుచుండెను. తాళపుచెవి త్రిప్పగనే ఇంజను మ్రోగెను. ముందరి మూతపై చేయి వేయగా వెచ్చగా తోచెను గాని మేమా సంగతిని గణింపలేదు. ధనుర్మాసపు మంచువేళ ఆ బండి కదలక మొండికెత్తినది.

కారణమును మెకానిక్కు చెప్పగా మాకు కనువిప్పైనది. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1897లో నడిపి చూపిన ఈ ఇంజనులో, పెట్రోలు ఇంజనులో వలె నిప్పురవ్వ యుండదు. గాలిని మిక్కిలిగా నొక్కినప్పుడు పుట్టు వేడికే నూనె మండును. లోపలి రింగులు అరిగినచో నొక్కుడు తగ్గును. ఇంజను వెచ్చగా నున్నంతసేపు ఆ లోపము దాగును, చల్లబడినప్పుడు బయటపడును. మేము పోవుటకు ముందే అమ్మకందారు ఇంజనును నడిపి వెచ్చజేసి యుంచెను. ఒక్కొక్కప్పుడు వేడిచేయు ప్లగ్గులు చెడినను బండి చలివేళ కదలదు. అది స్వల్పపు ఖర్చు. నొక్కుడు పోయినచో ఇంజనునే విప్పవలయును.

కావున మొదట మూతపై చేయి వేసి, ఇంజను చల్లగా నున్నదా యని చూడుడు. పిమ్మట పొగను చూడుడు. నీలిపొగ విడువక వచ్చినచో ఇంజను ఆయిలు మండుచున్నది. నల్లపొగ దట్టముగా వచ్చినచో గాలి చాలకయో, నూనె మించియో యున్నది. తెల్లపొగ ఇంజను వేడెక్కినను ఆగనిచో నూనె సరిగా మండకుండుటయో, నీరు లోనికి దిగుటయో కారణము. డీజిలు బండిలో ఆయిలు నల్లనగుట సహజము, అందుకు భయపడవలదు. అది పాలు కలిసిన కాఫీ వలె నున్నచో నీరు కలిసినదని యెరుగుడు.

ఎముకలు విరిగినవారు దూరదేశములనుండి మన పుత్తూరు కట్టునకు వచ్చెదరు. బండికి ఎముక దాని ఛాసీ. కొండత్రోవలలో తిరిగిన బండిని గుంతపైకి ఎక్కించి, క్రిందినుండి దీపముతో చూపింపుడు. ఛాసీపై అతుకులు, వంపులు, తుప్పు ఉన్నచో ఏ కట్టును నమ్మి కొనకుడు. వాగులలో మునిగిన బండికి కాళ్లక్రింది పరుపుల యడుగున ఒండ్రు మిగులును. గేరుపెట్టెలోని ఆయిలు తెల్లబారును. నాలుగు చక్రములు కూడి లాగుచున్నవో లేదో మట్టినేలపై నడిపి చూడవలయును. ఇట్టి జీపులు పెక్కింటిని ఆరిన తారురోడ్డుపై అట్లు నడిపినచో లోపలి పండ్లచక్రములు బిగిసి చెడును.

2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్. 6 నియమములను అనుసరించి వచ్చిన డీజిలు బండ్లలో మసిని పట్టు జల్లెడ యుండును. ఆ మసి కాలిపోవుటకు అప్పుడప్పుడు దూరప్రయాణము కావలయును. బజారుకును బడికిని మాత్రమే తిరుగువారికి ఆ జల్లెడ పూడుకొని పెద్ద ఖర్చు తెచ్చును.

కాగితములను కూడ ఉపేక్షింపరాదు. ఛాసీపై చెక్కిన సంఖ్యయు ఆర్.సి.లోని సంఖ్యయు ఒకటియేనా? అప్పు తీరినదా? మనకు అరవనాడు ఇరుగు గనుక అచ్చటి బండ్లు తరచుగా వచ్చును. వాటికి అచ్చటి నిరభ్యంతర పత్రము వలయును. ఇచ్చటి పన్నును కట్టవలయును. సొంతబండి రిజిస్ట్రేషను పదునైదేండ్లకు తీరును. పిమ్మట పరీక్షలో నెగ్గిననే అయిదేండ్లకు పొడిగింతురు. మహీంద్రా వారి తొలి థార్ 2010లో వెలువడినది. ఆ యేటి బండ్లకు గడువు 2025లోనే వచ్చినది. వయసు చూడక వెల చౌకయని మురియరాదు.

మా మరిది బండి ఇంజను విప్పి బాగుచేయించుకొని యిప్పుడు తోటకు పోవుచున్నది. కాసులపేరు మాత్రము ఇంకను ఇల్లు చేరలేదు. మా తోడికోడలు మమ్మొక్క మాటయు అనలేదు. ఆ మౌనమే మమ్ము బాధించుచున్నది. ఆనాడు చేతికి తగిలిన వెచ్చదనమును గూర్చి మేమడిగి యుండవలసినది.

ఇంటి సొమ్ము వెచ్చించునప్పుడు ఇల్లాలు అడుగు ప్రశ్నకు సిగ్గుపడ నక్కరలేదు. "రేపు తెల్లవారుజామున వచ్చెదము, అంతవరకు ఇంజనును నడుపవలదు" అని అమ్మకందారుతో చెప్పుడు. అందుకు ఒప్పుకొనని వానికి బయానా ఇయ్యకుడు.